ఎర్రరంగు వెయ్యని పడవ

మొగిలి చెరువులో అడుగుకి ఎర్రరంగు వెయ్యని పడవ ఒక్కటే మిగిలింది. అది రేఖది. దసరా పొద్దుటికల్లా దానికీ రంగు పడాలని, పడకపోతే తాడు విప్పి పడవని గేటు బయట పెట్టేస్తామని బోట్ క్లబ్ వాళ్లు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద బొటనవేళ్లు వరసగా లేచాయి. ఆదివారం పూట తనతో ఇడ్లీ పొట్లాలు పంచుకుని తిన్నవాళ్ల బొటనవేళ్లే అవన్నీ. రేఖ వాటిని ఒక్కొక్కటే చూసి ఫోను బోర్లా పెట్టేసింది. ఏమైనా సరే వెయ్యకూడదని అప్పుడే ఖాయం చేసుకుంది.

గేటు బయట పెట్టడమంటే మాటలు కాదు. చెరువు చుట్టూ ఇప్పుడు కంచె ఉంది. మాదాపూర్ రోడ్డు వైపు అద్దాల బిల్డింగులు, అవతలి వైపు అపార్టుమెంట్ల గోడ. నీళ్ల దాకా పోవడానికి క్లబ్ గేటు తప్ప దారి లేదు. రేఖ వాళ్లది ఆ చెరువు ఊరే. వాళ్ల నాన్న ఐలయ్య వయసులో ఉన్నప్పుడు ఏ వైపు నుంచి బుద్ధి పుడితే ఆ వైపు నుంచి దిగి వల వేసినవాడు. ఊరు కాలనీ అయిపోయాక, వలలు అటక ఎక్కాక, ఆ ఇంటికి చెరువుతో మిగిలిన సంబంధమల్లా జెట్టీలో ఈ పడవ కట్టుకునే చోటే. అది కూడా పోతే సొంత చెరువుని కంచె పట్టుకుని చూడాల్సిందే.

క్లబ్ అంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. ఒక చెక్క జెట్టీ, నీళ్లలోకి దిగే సిమెంటు వాలు, రేకుల షెడ్డు, టీ కాచుకునే పొయ్యి. నార్సింగి నుంచి, హఫీజ్‌పేట్ నుంచి కూడా జనం వస్తారు. వారమంతా తెరల ముందు కూర్చుని వంగిపోయిన వీపులు ఆదివారం తెడ్డు వేసి నిటారవుతాయి. ఒకళ్ల తెరచాప చిరిగితే ఇంకొకళ్లు కుట్టిస్తారు. ఒకళ్లకి జ్వరమొస్తే వాళ్ల పడవలో చేరిన వాననీళ్లు పక్కవాళ్లు తోడిపోస్తారు. రేఖకి ఆ మనుషులంటే ఇష్టం. కోపమంతా అందుకే. ముక్కూమొహం తెలియనివాళ్లు గెంటేస్తే సగం కోపమే వచ్చేది.

అందరికన్నా ఎక్కువ కోపం సెక్రటరీ పార్థసారథి గారి మీద. ఆయన విశాఖలో ఓడలు మరమ్మతు చేసే యార్డులో ఇంజనీరుగా చేసి రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడ్డారు. రేఖకి తెరచాప తిప్పడం, ముడులు వెయ్యడం నేర్పింది ఆయనే. పొద్దున్నే వచ్చి ప్రతి పడవనీ చేత్తో తడిమి చూస్తే గానీ టీ తాగరు. కానీ ఆ మనిషికి సముద్రం వదల్లేదు. ఉప్పునీళ్లలో పడవ అడుగుకి గుల్లలు పట్టేస్తాయి. పట్టాయంటే సిమెంటులా గట్టిపడి, ఉలితో చెక్కినా ఊడవు. అవి పట్టకుండా రాగి కలిపిన ఎర్రరంగు వేస్తారు. ఆ రంగు తాకిన జీవి బతకదు, దాని పనే అది. ఆయన చూపులో ఎర్ర అడుగు లేని పడవంటే తల దువ్వుకోని పెళ్లికొడుకు. అందుకని హైదరాబాదు వచ్చీరాగానే విశాఖ నుంచి లారీలో రంగు డబ్బాలు తెప్పించి ఒక రివాజు పెట్టారు. ఏటా ఆయుధపూజకి ముందు పడవలన్నీ వాలు మీదికి లాగాలి, పాత రంగు గీకాలి, యాసిడ్‌తో కడగాలి, కొత్త రంగు పుయ్యాలి. క్లబ్‌లోని కోస్తావాళ్లకి అది ఊరిని గుర్తుచేసింది, ఇక్కడివాళ్లకి కొత్త ముచ్చట. ఉప్పునీళ్ల జబ్బుకి మంచినీళ్లలో మందెందుకని ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

రేఖకి కూడా నిరుడే తోచింది. ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్, తప్పులు వెతకడమే ఉద్యోగం. కడిగిన మర్నాడు వాలు దగ్గర పరకలు, ఆ చిన్న చేపలు, వెల్లకిలా తేలడం చూసి, ఆ రంగు గురించి దొరికిందల్లా చదివింది. ఆ తర్వాత కొన్న తన పడవకి చుక్క రంగు కూడా తగలనివ్వలేదు. ఈసారి దసరా మీటింగులో లేచి అడిగింది.

“సార్, మన చెరువుల గుల్లలు ఏడున్నయి? ఒక్కటి చూపియ్యిన్రి, రేపే రంగేస్త.”

పార్థసారథి గారు నవ్వారు. “గుల్లలు లేవంటే రంగు పనిచేస్తున్నట్టే కదమ్మా.”

అందరూ చప్పట్లు కొట్టారు. రేఖ కూర్చోలేదు. “నా పడవకు రంగే లేదు గద సార్. మరి దానికేడున్నయి?”

చప్పట్లు ఆగిపోయాయి. పట్టుబట్టిన మనిషికి జవాబు తట్టనప్పుడు క్రమశిక్షణ గుర్తొస్తుంది. ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఇంకో రూలు కుదరదని, పడవలన్నీ ఒక్క తీరుగా ఉంటేనే క్లబ్ అంటారని ఆయన తేల్చేశారు. సముద్రమైతే ఎంత పోసినా మోసుకుపోతుందని, ఈ చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి మీద రోడ్డు పడ్డాక ఇందులో పడింది ఇందులోనే ఉంటుందని రేఖ చెబుతూనే ఉంది. కుర్చీలు మడిచే చప్పుడులో ఆ మాటలు ఎవరికీ పట్టలేదు. బొటనవేళ్లు లేచింది ఆ సాయంత్రమే.

పండగ ముందరి ఆదివారం అందరూ వాలు మీద చేరి గీకారు, కడిగారు, పూశారు. పాటలు పెట్టుకున్నారు, బిర్యానీ తెప్పించుకున్నారు. యాసిడ్ నురగా ఎర్రపొడీ కలిసి వాలు మీంచి చెరువులోకి జారాయి. రేఖ తన పడవని బండి మీద కట్ట వెనక గడ్డిలోకి లాక్కెళ్లి బోర్లించింది. కొబ్బరిపీచు, పాత చీరముక్క, బకెట్ నీళ్లు, అంతే సరంజామా. సబ్బు కూడా ముట్టుకోలేదు. పట్టిన పాకుడంతా పీచుతో రుద్ది, తుడిచి, ఆ నీళ్లు గడ్డికే పోసింది. చేతులు ఎర్రగా కందిపోయాయి, నడుము పట్టేసింది. అటుగా వచ్చిన క్లబ్ మెంబరు శేఖర్, ఇంట్లో అంట్లు కూడా ఇంత శ్రద్ధగా తోముతారా అని నవ్వాడు. పీచు ఇంకా ఉంది, ఆయన పడవ కూడా తెస్తే తోమి పెడతానంది రేఖ. శేఖర్ మళ్లీ బిర్యానీ వైపు వెళ్లిపోయాడు.

దసరా పొద్దున జెట్టీకి మామిడి తోరణాలు కట్టారు. ఎర్ర అడుగులు కనబడేలా పడవలని వాలు మీద బోర్లించి పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టారు. రేఖ పడవ ఒక్కటే నీళ్లలో కట్టి ఉంది. గేటు కాపలా చూసే తిరుపతి ఆ తాడు పక్కనే నిలబడ్డాడు. విప్పమని సెక్రటరీ గారు పురమాయించారట, ఆ పిల్ల మొహం చూడలేక నేల చూస్తున్నాడు.

ఆ క్లబ్‌లో పూజకి ఒక పద్ధతి ఉంది. అది మాత్రం విశాఖ నుంచి రాలేదు, ఊరిదే. పూర్వం దసరాకి ఇక్కడివాళ్లు చెరువు నీళ్లు చెంబుతో ముంచి, ముందు పడవల మీదా తర్వాత మనుషుల నెత్తి మీదా మామిడాకుతో చల్లేవాళ్లు. గంగమ్మ ఏడాదంతా చల్లగా చూడాలని. క్లబ్ పెట్టాక కూడా రేఖ నాయనమ్మ భాగ్యమ్మనే పిలిచి ఆ పని చేయించేవాళ్లు. ఫోటోలు బాగా వచ్చేవి. ఈ ఏడు భాగ్యమ్మ మోకాళ్లు లేవనివ్వక కుర్చీలో కూర్చుంది, చెంబు మనవరాలి చేతికిచ్చింది.

పార్థసారథి గారు పట్టుపంచెలో దగ్గరికొచ్చి, ముందు నీళ్లు చల్లేస్తే తర్వాత పడవ సంగతి చూద్దామని మెల్లగా అన్నారు. పండగపూట గొడవెందుకని కూడా అన్నారు. తన చేత నీళ్లు చల్లించుకుని తన పడవనే బయట పెడతారన్నమాట. రేఖకి ఒళ్లు మండింది. గొంతు మాత్రం పెంచలేదు.

“నేను చల్లను, సార్. రంగు మీది, కడిగింది మీరు, నీళ్లు గూడ మీరే ముంచున్రి. నా తాడు ముట్టాలంటే అది అయినంక ముట్టున్రి.”

చెంబు ఆయన చేతిలో పెట్టింది. కుర్చీలోంచి భాగ్యమ్మ ఒక్క మాట అంది. “వాలు కాడ్నే ముంచాలె. పద్ధతి గదే.”

ఇంతమంది ముందు కాదనడానికి ఆయనకి మొహం చెల్లలేదు. వాలు చివరికి వెళ్లి వంగారు. అక్కడ నీళ్ల మీద ఎర్రటి తెట్టె పేరుకుని ఉంది, చెంబుతో అటూ ఇటూ తోస్తే విరిగి మళ్లీ కలుసుకుంటోంది. దాని అంచున రెండు మూడు పరకలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఆయన వాటిని చూడనట్టే ముంచారు. పైకి తెచ్చి పడవల మీద గబగబా చల్లారు. ఎర్రరంగు మీద ఎర్రచుక్కలు ఎవరికీ కనబడలేదు. ఇక మిగిలింది మనుషులు.

అప్పుడు ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు ముందుకొచ్చారు. కాకినాడ మనిషి, ఎప్పుడూ టీ పొయ్యి దగ్గరే ఉంటారు, మీటింగుల్లో నోరు విప్పగా ఎవరూ చూడలేదు. కొత్త తెల్లపట్టు చీర కట్టుకున్నారు. భర్త ఎదురుగా నిలబడి తల వంచారు.

“చల్లండి.”

ఆయన మామిడాకు చెంబులో ముంచారు. ఆకు చివర ఎర్రటి బొట్టు వేలాడింది. చెయ్యి లేచింది గానీ విదిలించలేకపోయింది. తాకిన జీవిని చంపే రంగుతో జీవితమంతా పని చేసిన మనిషికి, అది ఏమిటో అక్కడున్న ఎవరికన్నా బాగా తెలుసు. యార్డులో ఆ రంగు చేతికి తగిలితే వెంటనే కడుక్కోమని పనివాళ్లని కసిరింది ఆయనే. బొట్టు తిరిగి చెంబులో పడింది.

“ఆగారేమండీ?” అన్నారు సుబ్బలక్ష్మి గారు తల ఎత్తకుండానే. “మీ రంగు మంచిదేగా. నా మీద చల్లండి, తర్వాత మనవరాలి మీద చల్లుదురుగాని.”

ఆయన మనవరాలు రసజ్ఞ వరసలో ఉంది. అప్పటికే తల వంచి కళ్లు మూసుకుంది. పార్థసారథి గారు ఆ పిల్లనీ చూశారు, భార్య చీరనీ చూశారు. ఆకు కింద పడేశారు. శేఖర్ వాచీ చూసుకున్నాడు. బిర్యానీ తిన్నవాళ్లు, బొటనవేళ్లు ఎత్తినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడలేదు.

రేఖకి సంతోషం వెయ్యలేదు. తనకి ముడులు వెయ్యడం నేర్పిన చేతులవి. అయినా వెళ్లి చెంబు అందుకోలేదు. అందుకుంటే ఆయన బరువు తను దించినట్టవుతుంది. ఈ ఒక్కసారికి దించకూడదని పంతం పట్టింది.

ఆయన వెనక్కి తిరిగారు. చెంబులో నీళ్లు పారబొయ్యడానికి వాలు వైపు ఒక అడుగు వేసి ఆగారు. కట్ట మీద గడ్డి వైపు తిరిగి మళ్లీ ఆగారు.

“రేఖా, ఇవెక్కడ పొయ్యనమ్మా?” అని అడిగారు చివరికి.

“అదే గద సార్ ఆనాడు మీటింగుల నేనడిగింది,” అంది రేఖ.

తర్వాత ఆమె జెట్టీ మీదికి నడిచింది. తిరుపతి పక్కకి జరిగాడు. సెక్రటరీ గారి వైపు చూశాడు, ఆయన తల అడ్డంగా ఊపారు. రేఖ వంగి తన పడవ తాడు సరిచేసుకుని, ఉన్న ముడి మీద ఇంకో ముడి బిగించింది. సారు నేర్పిన ముడే అది, లాగినకొద్దీ బిగుసుకుంటుంది.

వెనక పార్థసారథి గారు చెంబు కింద పెట్టబోతుంటే సుబ్బలక్ష్మి గారి గొంతు వినిపించింది.

“పట్టుకునే ఉండండి.”