నిలబడని టెంకాయ

"నిలబడిందంట గదా టెంకాయ?" అన్నాడు ఈరేష్, ల్యాబు గుమ్మంలో నుంచే.

శిరీష వెనక్కి తిరగలేదు. స్క్రీను మీద తన గీతను సావిత్రమ్మ మేడానికి చూపిస్తూ ఉంది. మేడం ఫిజిక్సుకు హెడ్డు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో ఉండే ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు డిపార్టుమెంటంటే ఈ ముగ్గురూ, ఒక పెద్ద కంప్యూటరూ.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. శిరీష వాళ్ళ నాయన కాశప్ప ఆస్పరి చుట్టుపక్కల బోరు పాయింట్లు చూపిస్తాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకొని చేన్లో నడుస్తాడు. నీళ్ళుండే చోట అది లేచి నిలువుగా నిలబడుతుంది. ఈరేష్ వాళ్ళ నాయన చేన్లోనూ నిలబడింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ బోరులారీ దుమ్ము తప్ప ఏమీ కక్కలేదు. చేను పోయింది. ఆయనిప్పుడు ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులో మూటలు మోస్తున్నాడు. శిరీష కాలేజీలో లెక్చరరుగా చేరిన దినమే ఈరేష్ ఆమె ఊరడిగి, నాయన పేరడిగినాడు. ఆ తర్వాత వంకర లేకుండా ఒక్క మాట మాట్లాడింది లేదు. చాలదన్నట్టు కాలేజీలో పర్మినెంటు పోస్టు ఒక్కటే ఉంది. ఇద్దరిలో ఎవరికి ముందు పీహెచ్‌డీ వస్తే వాళ్ళకేనని యాజమాన్యం తెగ్గొట్టి చెప్పింది. కుక్కల మధ్యన బొమిక వేసినట్టయింది.

శిరీష పని ఆకాశం పని. విశ్వం పుట్టి పెరిగిన తీరును లెక్కగట్టే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పదార్థం ఎంత, విస్తరించే వేగం ఎంత అని కొన్ని అంకెలిస్తే, ఆకాశం ఎట్లుండాలో అది చెప్తుంది. శిరీష దానికొక కొత్త పారామీటర్ చేర్చింది. కంటికి కనిపించని కృష్ణ పదార్థం కొద్దికొద్దిగా కారి కృష్ణ శక్తిలో కలుస్తోందా, కలిస్తే ఎంత అని. సున్న వచ్చిందంటే కారడమే లేదని.

ఆ అంకెను వెతికేది శాంపిలింగ్ సాఫ్ట్‌వేర్. అదొక మేక అనుకోండి. ఒక అంకె దగ్గర మూతి పెట్టి చూస్తుంది. దుర్భిణీలు చూసిన ఆకాశంతో అది పొసగితే ఆడనే మేస్తుంది, పొసగకపోతే ఇంకో పక్కకు పోతుంది. తిరిగి తిరిగి పెంటికలు ఎక్కడ కుప్పగా వేసిందో అదే జవాబు. శిరీష మేక కుప్ప సున్నకు కాస్త కుడిపక్కన పడింది. కాస్తంటే కాస్తే. అయినా సున్న కాదు. యూనివర్సిటీలో ఆమె గైడు ముందే చెప్పినాడు: "ఏమీ లేదని తేలేదానికి నేను సంతకం పెట్టను." వచ్చే నెలే ఆయన ముందర చూపించాలి.

ఈరేష్ వచ్చి గీతను వంగి చూసినాడు. ఎడమపక్క అది కత్తితో కోసినట్టు ఆగిపోయి ఉంది. అక్కడ వేలు పెట్టబోయి తీసేసుకున్నాడు.

"మేడమ్, నేనొక ఆకాశం సేసిస్తా," అన్నాడు. "దొంగ ఆకాశం, కంప్యూటర్లో వండింది. ఈయమ్మ కారుడు దాంట్లో కలిపితే కలుపుతా, లేకుంటే లేదు. జవాబు మీ సెవిలో వేస్తా. ఉందో లేదో సెప్పమనండి."

"నాకు పరీక్ష పెట్టేకి నువ్వెవరు సార్?"

"మూడు బోర్లు ఎండినోని కొడుకుని."

సావిత్రమ్మ మేడం తింటున్న బొరుగుల ఉగ్గాని డబ్బా మూత పెట్టి, "కొట్టుకుంటే కొట్టుకోండప్పా, లెక్కలతో కొట్టుకోండి," అంది. "పెట్టు ఈరేషూ. శిరీషా, నీ పారామీటర్ నిజమైతే నీకేం భయం?"

అట్లా అన్నాక కాదంటే భయమనే అర్థం.

దొంగ ఆకాశం వచ్చింది. శిరీష దాన్ని మేకకిచ్చి వదిలింది. సగం నడిచినాక కంప్యూటరు ఆగిపోయింది.

"ప్లగ్గు పీకినోని సెయ్యిరగ!" అని అరిచింది శిరీష.

"కరెంటోళ్ళను తిట్టుకో," అన్నాడు ఈరేష్ తన కుర్చీలో నుంచి లేవకుండా. "నన్ను మింగేటట్ల సూడకు. నాది గూడ ఆగిపోయింది."

అతనిది వేరే పారామీటర్. లెక్కల్లో లేని తేలికపాటి కణం ఒకటి విశ్వంలో ఉందని అతని పట్టు. అతని గీత కూడా నిలబడే ఉంది. దాన్ని కుర్చీ వెనక గోడకు అంటించుకున్నాడు, దేవుని పటం మాదిరి.

శిరీష మళ్ళీ మొదలుపెట్టింది. శనివారం సాయంత్రానికి జవాబొచ్చింది. కుప్ప సున్నకు కుడిపక్కనే. దొంగ ఆకాశంలో కారుడుంది! పట్టుకున్నా నాయాలా అనుకుంది. సోమవారం చెప్తానని మేడానికి చెప్పి, ఆస్పరి బస్సెక్కింది.

ఆదివారం పొద్దున కాశప్ప ఎల్లప్ప చేనికి పాయింటు చూడ్డానికి పోతుంటే వెంట పోయింది. ఎన్నేళ్ళ తర్వాతో పోయింది. కాశప్ప చెప్పులు విడిచి, టెంకాయ అరచేతిలో పెట్టుకొని, చేనికి అడ్డం నడిచినాడు. చింతచెట్టు దాటినాక టెంకాయ వణికింది, లేచి నిలబడింది. ఎల్లప్ప చేతులు జోడించి, గుర్తు పెట్టేకి సున్నం తెస్తానని ఊర్లోకి పరుగెత్తినాడు.

చేనికి ఆ కొసన పరుపుబండ ఉంది. మేకలు కూడా ఎక్కని నున్నటి బండ. కింద నీళ్ళు లేవని చూస్తేనే తెలిసిపోతుంది.

"నాయనా, ఆ బండ మీద నడువు," అంది శిరీష.

"ఆడికేటికి? ఆడ లేవని కంటికే కనపడతాంటే?"

"నీ కంటికి తెలిసింది టెంకాయకు తెల్దా? పడుకుంటాది గదా. సూపించు."

"నన్ను పరీక్ష సేసేకి సదివించినానా నిన్ను?"

"ఎవడో ఒకడు సేయాల గదా. ఈరేష్ వాళ్ళ నాయన సేయలేకపాయె."

కాశప్ప మొహం నల్లబడింది. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. కోపంతోనే బండ ఎక్కినాడు, చెయ్యి చాపినాడు, నడిచినాడు. బండ నడిమికి పోయినాక టెంకాయ వణికింది. లేచి, నిటారుగా నిలబడింది.

తండ్రీ బిడ్డా ఇద్దరూ దాన్నే చూస్తా నిలబడినారు. గాలి కూడా లేదు, తప్పు దాని మీద నెట్టేకి.

"ఎప్పుడన్నా ఎవరికన్నా లేదని సెప్పినావా నాయనా?"

"లేదని సెప్పేటోన్ని ఎవడు పిలుస్తాడే?" అని కాశప్ప టెంకాయను బండకేసి కొట్టినాడు. "పో ఇంటికి. మళ్ళ నా వెంట రావద్దు."

ఆమె బస్సులో ఆదోనికి వస్తున్నంతసేపూ ఆ బండే కళ్ళముందు ఉంది. నాయన ఎన్ని చేన్లు తిరిగినాడో గానీ, లేనిచోట అడుగు పెట్టి చూసింది లేదు. ఆ బండను తన మేక ఎప్పుడన్నా తొక్కిందా? అడుగు పడకుండా ఎవరన్నా గోడ కట్టినారా? కట్టింది ఎవరో అప్పుడు గుర్తుకొచ్చింది.

కొత్త పారామీటర్ చేర్చిన మొదట్లో సున్నకు కిందికి, మైనస్ అంకెలు ఇస్తే సిమ్యులేషన్ ఎర్రరిచ్చి ఆగిపోయేది. మైనస్ అంటే కారుడు తిరగబడి, శక్తి నుంచి పదార్థంలోకి రావడం. అదెట్లా జరుగుతుందిలే అనుకుంది. తాను రాసిన సమీకరణాన్ని సరిచేసే ఓపిక లేక, శాంపిలింగ్ ఫైల్లో కింది హద్దు సున్న అని కొట్టేసింది. తర్వాత మర్చిపోయింది.

సున్న దగ్గర గోడ కట్టి, మేకను కుడిపక్క వదిలితే పెంటికలు ఎడమపక్క యాడ పడతాయి? జవాబు సున్నే అయినా సరాసరి తీస్తే సున్నకు కుడిపక్కనే వస్తుంది. గీత నున్నగా కనపడాలని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ అంచులు అరగదీస్తుంది కాబట్టి, గోడకు ఆనుకున్న కుప్ప కూడా గోడకు రవ్వంత ఎడంగా జరిగినట్టు కనిపించింది. ఆ రవ్వంతే ఆమె పీహెచ్‌డీ.

సోమవారం మేడాన్ని ఇంకొంచెం గడువడిగింది.

"వాస్తు సూస్తాందేమో మేడమ్," అన్నాడు ఈరేష్.

ఆమె పోయి కంప్యూటరు ముందర కూర్చుంది. సమీకరణం సరిచేసింది. మైనస్ ఇచ్చినా సిమ్యులేషన్ ఆగకుండా నడిచేదాకా పట్టు విడవలేదు. హద్దును సున్నకు అటూ ఇటూ సమానంగా జరిపి, రెండు ఆకాశాలనూ మళ్ళీ మేకకు వదిలింది, దొంగదాన్నీ నిజందాన్నీ. దొంగ ఆకాశం కుప్ప సరిగ్గా సున్న మీద పడింది. ఈరేష్ ఏమీ కలపలేదు. నిజం ఆకాశం కుప్ప కూడా సున్న మీదే పడింది.

ఒక మాట మనసులో దూరి కూర్చుంది. ఈరేష్ అడిగింది అతని ఆకాశం గురించి మాత్రమే. "నీ దాంట్లో లేదు" అంటే చాలు, పందెం గెలిచినట్టే. పరీక్షలో నిలిచిన పారామీటర్ అని చెప్పుకొని పాత గీతనే గైడు ముందర పెట్టుకోవచ్చు. గైడుకు గోడ సంగతి తెలీదు. తెలిసినా ఆయనకు అక్కర్లేదు. పోస్టు చేతికొస్తుంది. ఈరేష్ మూతి నల్లగా మాడుతుంది.

మేడం గదిలోకి పోయేదాకా ఆ మాట ఆమె వెంటే నడిచింది. ఈరేష్ అప్పటికే కాలు మీద కాలేసుకొని కూర్చోనుండాడు.

"ఏమ్మా, నిలబడిందా?"

"నీ ఆకాశంలో ఏమీ లేదు," అంది శిరీష.

ఈరేష్ కాలు దిగింది. మేడం నవ్వింది. "కరెక్టే శిరీషా. నా చెవిలో అదే చెప్పినాడు. ఇంకేమప్పా ఈరేషూ, ఆయమ్మ పారామీటర్ నిలబడినట్టే గదా?"

ఆ నిమిషం ఆమెది. అట్లే వదిలేసి బయటికి నడిస్తే అయిపోయేది.

"నిలబడలేదు మేడమ్," అంది. "నిజం ఆకాశంలో గూడ లేదు. సున్న కాడ నేనే గోడ కట్టి మేకను ఒకపక్కనే తిప్పినాను. గోడ తీసేస్తే సున్నే వచ్చింది. వచ్చే నెల గైడుకు సూపించేది సున్నే."

"గైడు సంతకం పెట్టడు గదమ్మా."

"పెట్టడు."

ఈరేష్ నవ్వుతాడనుకుంది. నవ్వలేదు, అంతకన్నా చెడ్డగా చూసినాడు. "ఈ ముక్క మీ నాయన ఒక్క బోరు కాడ అనింటే మా చేను మాకుండేది."

"అది మా నాయన్నే అడుగుపో. ఆస్పరి బస్సుకు నీకు దారి తెలీదా? ఆయన సెప్పని 'లేదు' ఆయన్ది, నేను సెప్పిన 'లేదు' నాది. ఆయన్ది గూడ నా నెత్తిన రుద్దకు."

"సెప్పి ఏమి సాధించినావు? పోస్టు నాదే ఇంక."

"అట్లనా?" శిరీష పెన్‌డ్రైవ్ తీసి అతని ముందర బల్ల మీద టకామని పెట్టింది. "నేను గూడ ఒక ఆకాశం సేసినా, సార్. నీ తేలిక కణం దీంట్లో ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. మేడమ్, మీ సెవి ఇట్లివ్వండి."

వంగి చెవిలో చెప్పింది. మేడం కళ్ళు పెద్దవి చేసి, మళ్ళీ ఉగ్గాని డబ్బా తెరిచింది. "న్యాయమే గదా ఈరేషూ. పరీక్ష పెట్టేకి ఉన్న సరదా రాసేకి ఉండొద్దా?"

"నాదాంట్లో గోడలేం లేవు," అన్నాడు ఈరేష్. గొంతు మాత్రం కొంచెం తగ్గింది.

"లేకుంటే నీకేం భయమప్పా?" అంది శిరీష.

అతను పెన్‌డ్రైవ్ లాక్కొని ల్యాబులోకి పోయినాడు. శిరీష వెనకాలే పోయి గుమ్మంలో నిలబడింది, ఆ దినం అతను నిలబడిన చోటే. ఈరేష్ కుర్చీలో కూర్చొని, పెన్‌డ్రైవ్ గుచ్చకుండానే, ముందు తన పాత ఫైలు తెరిచి హద్దులు రాసుకున్న వరుసకు పోయినాడు. ఆమె చూస్తోందని తెలిసి స్క్రీను పక్కకు తిప్పుకున్నాడు.