వెనక చక్రం కోసం ప్రార్థన

నేను మోటారు సైకిలు కొన్న నాటి నుంచి నా భార్య ఎస్తేరమ్మ ప్రార్థన చెయ్యకుండా దాన్ని ఎక్కలేదు. ఎండాకాలంలో ఆ ప్రార్థన రెండు మాటలు. వానాకాలంలో మాత్రం మా సంఘ పెద్దలకు కూడా అంత పొడుగు ప్రార్థన చేతకాదు.

ఆ ఉదయం జువ్వలదిన్నెలో మా బంధువుల పెళ్ళి. వాన అప్పుడే వెలిసింది. బోగోలులో మా ఇంటి ముందు, తారు రోడ్డు పక్కన, కోటు తొడుక్కుని, బండి పట్టుకుని, తల వంచి కళ్ళు మూసుకున్నాను. ఆమె ముందు చక్రాన్ని దేవుడికి అప్పగించింది. బ్రేకులు అప్పగించింది. తర్వాత దారిలోని మలుపులూ, ఎదురొచ్చే చేపల బండ్లూ ఒక్కొక్కటిగా అప్పగించడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

“ఇంక ఆమేన్ అనవే! అక్కడ తాళి కట్టేసుంటారు.”

“తొందరపెట్టబాకండి. పోయినేడు వానలో ఇట్టే తొందరపడి వెంకయ్య మడిలో పడినారు. మిమ్మల్నీ బండినీ ఎద్దులు కట్టి లాగినారు.”

మళ్ళీ తల వంచాను. ప్రార్థన సాగింది. చివరికి, తప్పని తెలిసీ, ఒక కన్ను తెరిచాను.

ఎస్తేరమ్మ రెండు కళ్ళూ తెరుచుకునే ఉంది. పెదవులు దేవుడితో మాట్లాడుతున్నాయి, చూపు రోడ్డు మీద ఉంది. ఎండ వచ్చి తారు సగం ఆరింది. ఆమె చెప్పు విడిచి, కాలు చాపి, బొటనవేలితో రోడ్డును రుద్ది చూసింది. వేలికి తడి తగిలింది.

వెంటనే కళ్ళు గట్టిగా మూసుకుని, “ఇంకా ప్రభువా, వెనక చక్రం సంగతికొస్తే…” అని అందుకుంది.