పన్నెండిళ్ళ నవల

చంద్రమౌళి మాస్టారిది మందస. లెక్కల మనిషి, పైగా హెడ్మాస్టరు. కొరివితో తల గోక్కోవాలని సరదా ఉన్నవాళ్ళు తప్ప ఆయనతో ఎవరూ వాదన పెట్టుకోరు. అలాంటాయన బళ్ళో శనివారం ఆఖరి పీరియడ్‌ని ‘పుస్తకాల క్లబ్బు’ అని చెప్పి ఏడో తరగతి పిల్లల కోసం ఎత్తుకుపోయిన ఘనత తెలుగు టీచరు గౌరీశ్వరిది. రోజూ టెక్కలి నుంచి పూండి దాకా బస్సులో నిలబడి, అక్కణ్ణుంచి జీడితోటల మధ్య షేరాటోలో ఎగిరెగిరి పడుతూ వచ్చే మనిషికి హెడ్మాస్టరంటే మాత్రం ఏం భయం?

అయినా సోమవారం పొద్దున ఆయన పిలిపించేసరికి భయం వేసింది.

"రెండు నెలలైంది టీచర్. పన్నెండు మంది పిల్లలు. ఎన్ని పుస్తకాలు చదివారు?"

"కథలు నాలుగైదు చదివాం సార్. పుస్తకమంటే, మన లైబ్రరీలో పిల్లల నవల ఒక్కటే ఉంది. అదీ ఒకటే కాపీ."

"ఆ ఒక్కటే చదివించండి. శనివారం నేనే వస్తాను. పన్నెండు మందీ చదివుండాలి. లేదంటే ఆ పీరియడ్ లెక్కలకి ఇచ్చేయండి."

నూట నలభై నాలుగు పేజీలు, పన్నెండు మంది, ఐదు రోజులు. ఫోన్లో ఫొటోలు తీసి పంపుదామా అంటే సగం ఇళ్ళలో ఫోను నాన్నతోపాటు చెన్నై పనికి పోయింది. ఆ పీరియడ్ అంటే గౌరీశ్వరికి ప్రాణం. వారమంతా ‘చెప్పండి టీచర్, రాసుకుంటాం’ అని బుద్ధిగా కూర్చునే పిల్లలు, ఆ నలభై నిమిషాలూ మాత్రం ‘అదెలాగ టీచర్, నేనొప్పుకోను’ అని లేచి నిలబడతారు. ఆ మాట వినడానికే కదా తను టీచరైంది!

సంగతి పిల్లలకి చెప్పింది. సింధూర అనే పిల్ల చెయ్యెత్తింది.

"దీనికేటి టీచర్! పప్పు పంచినట్టు పంచీడమే."

ఆ ఊరి సంగతి తెలిస్తేగాని ఆ మాట అర్థం కాదు. పలాస జీడి ఫ్యాక్టరీల నుంచి పప్పు డబ్బాల్లోకెత్తి ఊళ్ళోకొస్తుంది. ఇంటికింత చొప్పున పంచుతారు. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని, చిన్న చాకులతో పొట్టు తీసి తిరిగిచ్చేస్తారు. ఒక్కరికే అప్పజెబితే నెలకి తెమలని పని, ఊరంతా చెయ్యేస్తే రోజులో అవుతుంది. ఈ పంపకమంతా సింధూర తల్లి నాగమణి చేతిమీదుగా జరుగుతుంది.

వంతులవారీగా చదువుకుంటారు కాబోలనుకుని గౌరీశ్వరి సరేనంది. ఆఫీసులో హాజరు పట్టీ ఇచ్చి వచ్చేసరికి బెంచీ మీద పెట్టిన నవల లేదు. పన్నెండు కట్టలున్నాయి. వాటి పక్కన పొట్టు తీసే చాకు, చాకు పక్కన గర్వంగా సింధూర.

"లైబ్రరీ పుస్తకమే అది! చింపేశావా?"

"సింపనేదు టీచర్, కుట్టు విప్పినాను. మల్లీ కుట్టీనా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? గౌరీశ్వరికి ముందు ఏడుపొచ్చింది, ఆ పిల్ల మొహం చూస్తే నవ్వొచ్చింది. చివరికి నవ్వే గెలిచింది. మనిషికి పన్నెండు పేజీలు చేతిలో పెట్టింది.

మర్నాటి నుంచి బడి బడిలా లేదు. కథేమిటంటే, మల్లి అనే పిల్ల తప్పిపోయిన నాన్నని వెతుక్కుంటూ ఇంట్లో చెప్పకుండా పడవెక్కుతుంది. ఎవరి ముక్క వాళ్ళకే తెలుసు కాబట్టి మిగతాది తెలియాలంటే పక్కవాణ్ణి బతిమాలుకోవాలి. మూడో కట్ట భవానిది. అందులో మల్లి మేనమామ, వాళ్ళ నాన్న రాసిన ఉత్తరం పొయ్యిలో పెట్టేస్తాడు. తొమ్మిదో కట్ట తిరుమలది. అందులో అదే మేనమామ మల్లి కోసం ప్రాణానికి తెగించి ఏట్లో దూకుతాడు. వాడు దొంగని భవాని, దేవుడని తిరుమల. మధ్యాహ్న భోజనం దగ్గర గుడ్డు తినడం కూడా మరిచిపోయి కొట్లాడుకున్నారు. గౌరీశ్వరి దూరంగా నిలబడి, పాయసం తాగినంత సంతోషంగా చూసింది.

గురువారానికి కట్టలు మాయమవడం మొదలైంది. పిల్లలు ఇంట్లో పైకి చదువుతుంటే అరుగు మీద పొట్టు తీసే అమ్మలు విన్నారు. వాళ్ళ చేతులకి పనిగాని చెవులకేం పని? మూడో కట్ట విన్న ఇంటికి నాలుగోది కావలసివచ్చింది. పప్పు డబ్బాతోపాటు కట్టలూ ఇల్లిల్లూ తిరిగాయి. శనివారానికి ఏ కట్ట ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆఖరి పీరియడ్‌కి మాస్టారు రానే వచ్చారు.

"పుస్తకమేదీ?"

పన్నెండు జతల చేతులూ ఖాళీ.

"ఊర్లో ఉంది సార్," అంది సింధూర.

జరిగింది విన్నాక మాస్టారి ముఖం కందగడ్డయింది. "పదండి! ఒక్క కాగితం తక్కువైనా క్లబ్బూ లేదు, గిబ్బూ లేదు!" అని ముందు నడిచారు. వెనకాల గౌరీశ్వరి, ఆవిడ వెనక పన్నెండు మంది.

మొదటి అరుగు నాగమణిది. కట్ట ఇవ్వబోతూ ఆగింది. "బాబూ, మీరు సదువుకున్నోలు. మేనకోడలి కాయితం కాల్సీసినోడు మనిసేనా? ఆడి సేతులు పడిపోను!"

"ఓలమ్మ, ఏటలగంతావు!" ఎదురు అరుగు మీద తిరుమల తల్లి లేచింది. "ఏట్లోకి దూకినోడు కాడా ఆడు?"

"ఎవరమ్మా అతను? ఏ ఊరు?" మాస్టారు కంగారుగా అడిగారు. పిల్లలు పగలబడి నవ్వారు.

మూడో ఇంటి దగ్గర ఆయనకి అది కథని తెలిసింది. ఐదో ఇంటి దగ్గర, "కాగితం కాల్చినవాడు ఏట్లో ఎందుకు దూకుతాడు? ఎక్కడో లెక్క తప్పింది," అన్నారు. ఏడో ఇంట్లో మంచినీళ్ళు తాగుతూ నాలుగో కట్ట తిరగేశారు. తొమ్మిదో ఇంటి దగ్గర రెండు కట్టలు పక్కపక్కన పెట్టి చూసి కేకేశారు: "తేలిందమ్మా! ఉత్తరం నాన్న రాసింది కాదు! ఎవరో పిల్లని రప్పించి పట్టుకుందామని రాశారు. అందుకే కాల్చాడు!"

వీధి వీధంతా ‘ఔను సుమీ’ అంది. గౌరీశ్వరి నవ్వాపుకోలేక జీడిచెట్టు వైపు తిరిగింది.

పదకొండు కట్టలూ చంకలో పెట్టుకుని మాస్టారు చివరి ఇల్లు చేరారు. అది ఉమామహేష్ నాయనమ్మ నూకరత్నానిది. ఆవిడకి చదువు రాదు. ఆఖరి కట్టని మడతపెట్టి రొంటిని దోపుకుని కూర్చుంది.

"ఇయ్యను. మా గుంటడు సదివినాడు, ఆఖర్న అందరూ ఏడిసినారంట. నానూ ఏడిసినాను. ఎందుకేడిసినానో నాకే తెల్దు! మొదట్నుంచి సెప్పినోలికే ఇత్తాను."

"నేను సెప్తాను మామ్మా," అని సింధూర ముందుకొచ్చింది.

"నువ్వు గాదే. అంతా ఆ బాబు సంకలో ఉంది గదా, ఆ బాబునే సెప్పమను."

మాస్టారు చుట్టూ చూశారు. ముప్పై ఏళ్ళుగా సూత్రాలు చెప్పిన గొంతు సవరించుకుని అరుగు మీద చతికిలబడ్డారు. "అనగనగా మల్లి అని ఒక పిల్ల," అంటూ, దారిపొడవునా విన్నదీ చదివిందీ కలిపి మొదలుపెట్టారు. పడవ దగ్గరికొచ్చేసరికి చేటని తెడ్డుగా పట్టుకున్నారు. మేనమామ దూకే చోట నిజంగానే అరుగు మీంచి దూకారు. పొట్టు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. దూరంగా బడి గంట కొట్టారు, ఒక్క పిల్లా కదల్లేదు. గౌరీశ్వరికి ఆ దుమ్ములో ఎగిరి గంతేయాలనిపించింది.

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "అదా సంగతి! ఇప్పుడు తెలిసి ఏడుత్తన్నాను." రొంటినుంచి కట్ట తీసి మాస్టారికందించింది గాని, వేళ్ళు వదల్లేదు. "రేపటికల్లా తెచ్చీయాల బాబూ. నీ ఎనకాల వరసలో ఇంకా పదకొండిల్లున్నాయి."

"అలాగేనమ్మా, తప్పకుండా," అన్నారు హెడ్మాస్టరు, చేతులు కట్టుకోకపోవడమే తక్కువ.

ఇంక ఉండబట్టలేకపోయింది గౌరీశ్వరికి. "సార్, మరి ఆ పీరియడ్ లెక్కలకేనా?"

ఆయన అప్పటికే ఆఖరి కట్ట మొదటి పేజీలో ఉన్నారు. తలెత్తలేదు.

"కాసేపు ఊరుకోండి టీచర్. మల్లి పడవ దిగుతోంది."