కృష్ణప్ప టమాటా గ్యాసు

ఆ వారం ఉద్దనపల్లిలో టమాటాలు చూస్తే ఆవులు కూడా మూతి తిప్పుకున్నాయి. రాయకోట మార్కెట్‌లో ధర పడిపోవడంతో రైతులంతా పంటను తెచ్చి వాగులో కుమ్మరించారు. నీళ్లు ఎర్రబడ్డాయి, కంపు ఊరంతా పట్టింది. మా పక్కింటి కృష్ణప్ప మాత్రం పారబోయలేదు. ఆయనకు బుర్ర ఎక్కువ. అదే వచ్చిన చిక్కు.

"వాగును పాడు చేస్తారేమప్పా? చెత్త యాడుంటే గ్యాసు ఆడుంటుంది!" అని అందరికీ ఉపన్యాసమిచ్చి, ఇంటి వెనక పేడ గ్యాసు గుంతలోకి టమాటాలు గంపలకు గంపలు దించడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య నంజమ్మ వద్దంది. ఆమెకు ఆయాసం. కట్టెల పొయ్యి దగ్గరికి పోనే కూడదని హోసూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ గ్యాసు వచ్చాకే పాపం ఆమెకు ఊపిరి ఆడుతోంది. ఆ ధీమాతోనే కృష్ణప్ప ఇంట్లో ఉన్న సిలిండరును తమ్ముడికి ఇచ్చేశాడు.

"పేడా నీళ్లూ సమంగా కలిపి పోస్తా ఉంటే బాగానే మండతా ఉంది గదయ్యా. దాని కడుపు చెడగొట్టొద్దు" అంది నంజమ్మ.

"నువ్వు సుమ్మనుండు" అని ఆమె నోరు మూయించాడు కృష్ణప్ప.

మర్నాటికి గుంత మీద గ్యాసు నిండే ఇనప డ్రమ్ము ఎన్నడూ లేనంత పైకి లేచింది. కృష్ణప్ప మీసం కూడా లేచింది. కాఫీ ఇస్తానని వీధినంతా పిలిచి, స్టవ్ తిప్పి అగ్గిపుల్ల గీశాడు. గ్యాసు బుస్సుమంది, పుల్ల ఆరిపోయింది. అగ్గిపెట్టె ఖాళీ అయిందే గానీ మంట రాలేదు. కాఫీ లేదని తెలిశాక మేమంతా పకపకా నవ్వాం.

కృష్ణప్ప గుంత కట్టిన మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"లోపలంతా పులిసిపోయిందప్పా. అది వట్టి గాలి, మండదు. సున్నపు నీళ్లు పోసి, రోజూ కొంచెం పేడ వేస్తా కాసుకో. ఎప్పుడు మండేదీ దాని ఇష్టం" అన్నాడు మేస్త్రీ.

నంజమ్మ కట్టెలు తీసుకుని పెరటి వంటపాకలోకి నడిచింది. అది చూసి నా నవ్వు ఆగిపోయింది. కృష్ణప్ప ముఖం కూడా పాలిపోయింది. పరుగెత్తి ఆమె చేతిలో కట్టెలు లాక్కున్నాడు.

"నువ్వు బయట అరుగు మీదనే కూచో. సంగటి నేను చేస్తాను" అన్నాడు.

కాసేపటికి పాకలో నుంచి పొగ, దగ్గు, తిట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తర్వాత కళ్లు తుడుచుకుంటూ ఆయనే తల బయట పెట్టాడు.

"నంజీ, ఇన్నేళ్లు ఈ పొగలో యెట్లా వండినావే?"

"నువ్వు ఇదే అరుగు మీద కూచోని, సంగటి ఇంకా కాలేదా అని అరస్తా ఉంటివి గదా" అంది నంజమ్మ. "అట్లా."

ఆయన తల లోపలికి లాక్కుని మళ్లీ పొయ్యి ఊదాడు. సంగటి సరిగ్గా కలవక ఉండలు ఉండలుగా అయింది. నంజమ్మ కంచం ఖాళీ చేసి లేచింది. నేనైతే ఆ సంగటి తీసి ఆయన ముఖాన కొట్టేదాన్ని.