రొవీనా తెచ్చిన కాగితం

వరదకు వంతెన కొట్టుకుపోయిన తర్వాత మూడో ఏడు అది. మా లోయలో అందరూ ఏళ్లను వరదతోనే లెక్కపెడతారు.

మా చెల్లెలు ఓలా కూతురు రొవీనా పట్నం ఆసుపత్రిలో పదిహేనేళ్లుగా నర్సు. లోయ మొదట్లో ఉన్న చిన్న వైద్యశాల వరదలో మునిగి, అప్పటినుంచి మూతపడింది. దాన్ని మళ్లీ తెరవాలని ఆమె పట్టుదల. ఇంటిల్లిపాదికీ తనే రోగం చూసి, తనే మందు రాసిచ్చే నర్సు కావాలని డాక్టరేటు చదువుతోంది. నాలుగేళ్ల చదువులో ఆఖరి మెట్టు మిగిలింది. మా ముసలివాళ్లు ఇరవైమంది పన్నెండు వారాలు ఇంట్లోనే బీపీ చూసుకుని ఆమెకు చెప్పాలి. అంతకుముందు ఒక్కొక్కరూ ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి.

సంతకాలు రాకపోతే చదువు ఇంకో ఏడు వెనక్కి పోతుంది. ఆ లోపు వైద్యశాల గదిని దాణా కొట్టుకు ఇచ్చేస్తారని అందరికీ తెలుసు.

శనివారం పొద్దున రొవీనా మా వసారాలోకి వచ్చేసరికి పక్కింటి డెంజిల్ నాతో కాఫీ తాగుతున్నాడు.

“నువ్వు డాక్టరువా నర్సువా పిల్లా? ముందు అది తేల్చు” అన్నాడు.

“చదువు డాక్టరేటు, పని నర్సుపని, బాబాయ్.”

“అంటే సగం గుర్రం, సగం గాడిద. కంచరగాడిదవన్నమాట.”

“ఈ కొండల్లో గుర్రం ఎక్కడ నిలిచింది? బరువు మోసింది కంచరగాడిదే కదా!”

డెంజిల్‌కు కాఫీ పొలమారింది.

“ఎంతమంది సంతకం పెట్టారే?” అని అడిగాను.

“ఒక్కరూ పెట్టలేదు మామయ్యా. చెయ్యి చాపి బీపీ చూడనిస్తారు, మొక్కజొన్న రొట్టె మూటకట్టి ఇస్తారు. కాగితం తీస్తే మాత్రం ‘మీ మామ వెర్లిన్ పెట్టాడా?’ అంటారు.”

నేను కాఫీ కప్పు కింద పెట్టాను.

మా తాతకు చదువు రాదు. బొగ్గు కంపెనీ మనిషి వచ్చి, నేల కింది బొగ్గు ఒక్కటే మాది, పైనంతా నీదేనని చదివి వినిపించాడట. తాత సంతకానికి బదులు రెండు గీతలు అడ్డంగా గీసి ఇచ్చాడు. నాకు ముప్ఫై ఏళ్లప్పుడు ఆ గీతలు చూపించి యంత్రాలతో వచ్చారు. కొండ పైభాగమంతా దొర్లించారు. మా ఆవిడ నెట్టీ వేసిన చిక్కుడు మడి మట్టికింద పోయింది. ఇలాంటి గీత మా లోయలో ప్రతి ఇంటికీ ఒకటుంది.

“చదివి వినిపించనా?” అంది రొవీనా.

“వద్దు. మా తాతకూ చదివే వినిపించారు.”

ఆమె మళ్లీ అడగలేదు. కాగితాలు చక్కెర డబ్బా కింద పెట్టింది. “రేపు చర్చి ముందు బల్ల వేసుకుని కూర్చుంటాను. అదే ఆఖరి రోజు. నువ్వు పెట్టకపోయినా పొయ్యి అంటించుకోవడానికి పనికొస్తాయిలే” అని వెళ్లిపోయింది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మధ్యాహ్నం కాగితాలు తీశాను. నాది మూడేళ్ల బడి చదువే. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదవాలి. రెండో పేజీలో ‘మీకిష్టమైతేనే’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నెట్టీ గుర్తొచ్చింది.

మా పెద్దవాడు పుట్టిన రోజు వాగు పొంగింది. కాన్పు చేయడానికి వస్తున్న నర్సమ్మ జీపు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. మా కంచరగాడిద మీద ఆమెను ఇవతలికి తెచ్చాను. తడిసిన బూట్లు వసారాలో విప్పి లోపలికి వెళ్లింది. ఏం చేయబోయినా ముందు నెట్టీ మొహంలోకి చూసి, “చేయనా అమ్మా?” అనేది. నెట్టీ తలూపేదాకా చెయ్యి వేసేది కాదు. ఒకసారి నెట్టీ “వద్దు, ఆగు” అంది. ఆమె ఆగింది. గోడకు ఆనుకుని నేను విన్నాను. మాతో అలా అడిగి చేసినవాళ్లను అంతకుముందు చూడలేదు. నెట్టీ బతికున్నన్నాళ్లూ ఆ మాట చెప్పుకుని నవ్వుకునేది.

నాలుగో పేజీ అడుగున ఒక వాక్యం దొరికింది. ఎప్పుడు కావాలన్నా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. మూడుసార్లు చదివాను. మా తాతకు ఇచ్చిన కాగితంలో ఇలాంటి మాట లేదు. ఉంటే మడి ఉండేది.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుని, టోపీ పెట్టుకుని చర్చికి నడిచాను. రొవీనా బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. జనం దూరంగా మెట్లమీద నిలబడ్డారు. నాలుగో పేజీ తీసి, ఆ వాక్యం అందరికీ వినబడేలా చదివాను. నడుమ రెండుచోట్ల తడబడ్డాను.

“మానుకుంటానంటే నిజంగా ఊరుకుంటావా?” అన్నాను.

“ఊరుకుంటాను మామయ్యా.”

కలం అడిగి తీసుకున్నాను. గీతలు కొట్టలేదు, పేరంతా రాశాను.

“నీ పేరు రాయడం మధ్యాహ్నం భోజనాలకైనా అవుతుందా?” అన్నాడు వెనకనుంచి డెంజిల్.

చివరి అక్షరం పూర్తిచేసి, కలం అతని చేతిలో పెట్టాను.