నాలుగో రోజు ప్లేటు

మలేరియా గదిలో టెక్నీషియన్‌ని అందరూ చూపులమ్మ అనేవారు. యంత్రం అంకె చెప్పేశాక కూడా మైక్రోస్కోపులో కన్ను పెట్టందే ఆవిడకు అన్నం సహించదు.

ఆ గదిలో పని చెప్పుకోవడానికి సులువే. ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో రక్తం, అందులో మలేరియా క్రిమి, పైన కొత్త మందు. రెండు రోజులాగి రంగు కలిపితే, క్రిమి ఎంత పెరిగితే గుంట అంత మెరుస్తుంది; ఆ మెరుపునే యంత్రం అంకెగా చెబుతుంది. మెరుపు తగ్గిందా, మందు పనిచేసినట్టు. తగ్గలేదా, దానికి చెల్లుచీటీ ఇచ్చేయడమే; అచ్చం అలాగే నింపి జతగా ఉంచిన రెండో ప్లేటు బ్లీచింగు నీళ్లలోకి పోతుంది. మూడేళ్లలో ఆరువందల పన్నెండు మందులు అలాగే పోయాయి. ఇంకొక్కటి కూడా తేలిపోతే నెలాఖరుకు గది మూసేస్తామని పైవాళ్లు తెగేసి చెప్పారు.

అదీ తేలిపోయింది. మందు వేసిన గుంటలూ వేయని గుంటలూ ఒకేలా ధగధగలాడాయి.

"ఇంకేముందమ్మా, పారేయండి," అన్నాడు పెద్ద సైంటిస్టు నీరసంగా.

చూపులమ్మ రెండో ప్లేటు పట్టుకుని కదల్లేదు. "సార్, రెండు రోజులంటే క్రిమికి ఒక తరమేగా. పిల్లల్ని చూశాం. మనవలెలా ఉంటారో ఎప్పుడైనా చూశామా?"

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది మీ వరస! తాత తాగిన మందు మనవడికెక్కుతుందా?"

"ఎక్కదనే అనుకుందాం. చూస్తే పోయేదేముంది సార్?"

ఆయన చెయ్యి ఊపేసి వెళ్లిపోయాడు. ఆవిడ మందు కడిగేసి, గుంటలన్నిట్లో కొత్త ఆహారం పోసి, ప్లేటును మళ్లీ వెచ్చటి పెట్టెలో పెట్టింది. నమ్మకం ఉండి కాదు, ఊరికే ఉండబట్టలేక. నాలుగో రోజు ఒక్కో గుంటలోంచి చుక్క తీసి, గాజుపలక మీద పూసి చూసింది. మందు వేయని గుంటల్లో క్రిములు ఇసకేస్తే రాలనంతగా ఉన్నాయి. మందు వేసిన వాటిలో బతికినది ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ ముడుచుకుపోయిన నల్లటి చుక్కలే.

మూడుసార్లు లెక్కపెట్టి, సార్‌ని పిలిచింది. ఆయన చాలాసేపు కన్ను తీయలేదు.

"మనవలు లేరమ్మా! ఒక్కడూ లేడు!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. సంతోషంతో ఆవిడ కళ్లు చెమర్చాయి. ఇక గది నిలబడ్డట్టే.

అంతలోనే ఆయన నవ్వు ఆగిపోయింది. బీరువాలో మూడేళ్ల నోటుపుస్తకాలున్నాయి. ప్రతి పేజీ కిందా 'రెండో రోజు, పనిచేయలేదు' అని ఉంటుంది, అంతా ఆవిడ చేతిరాతే.

"మనం ఎన్ని పారేశామమ్మా?"

"ఆరువందల పన్నెండు సార్," అంది ఆవిడ. "అన్నీ రెండో రోజే."

ఆయన కుర్చీ లాక్కుని, మొదటి పుస్తకం మొదటి పేజీ తెరిచాడు.