రానివాడి చోటు

నేను ఒక చేతిరుమాలును. తెల్లటి నూలుగుడ్డ, అంచున నీలిగీత. సికింద్రాబాదులో మోండా మార్కెట్ వెనక సందులో ఒకామె కుట్టుమిషను మీద నా అంచులు మడిచి కుట్టింది. చివరి మూలకు వచ్చేసరికి దారం అయిపోయిందో, ఆమె ఓపికే అయిపోయిందో, అది కాస్త వంకర పోయింది. ఈ ఊళ్లో నాలాంటివి లక్షలున్నాయి. నన్ను నేను గుర్తుపట్టుకునేది ఆ వంకరతోనే.

ఇక్కడ రుమాలుకు ముఖం తుడవడం చిన్న పని. పెద్ద పని చోటు పట్టడం. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరితే ఆ సీటు విసిరినవాడిది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపాన్ని లెక్కచేయనివాళ్లు కూడా సీటు మీద రుమాలు కనబడితే గొణుక్కుంటూ పక్కకు తప్పుకుంటారు. ఈ మర్యాద ఎలా పుట్టిందో నాకు తెలియదు. మనిషి కంటే అతని గుడ్డముక్కను ఎక్కువగా గౌరవించడంలో ఏదో సౌకర్యం ఉండి ఉంటుంది.

నన్ను మొదట కొన్నది ఒక కుర్రవాడు. పేరు కూడా తెలుసుకోలేకపోయాను. కొన్న రోజే స్టేషను ముందు బస్సు కిటికీలోంచి నన్ను లోపలికి విసిరాడు. నేను సరిగ్గానే పడ్డాను. కానీ తలుపు దగ్గర తోపులాటలో అతను ఎక్కలేకపోయాడు. బస్సు కదిలింది. నా పక్కన, కిటికీ దగ్గర, వైకుంఠరావు కూర్చుని ఉన్నాడు.

ఆయనకప్పుడు నలభై దాటింది. విత్తనాల కంపెనీలో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి వచ్చి చాలా కాలమైంది. చిలకలగూడలో మేడమీద ఒంటిగది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా క్రమంగా లేకుండా పోయారు.

"ఎవరిదయ్యా ఈ దస్తీ?" అన్నాడు కండక్టరు.

వైకుంఠరావు నా వైపు చూశాడు. "మావాడిదండీ. వస్తున్నాడు."

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. కానీ ఆ మాట తర్వాత బస్సులో ఏదో మారింది. నిలబడ్డవాళ్లు ఆయన వైపు చూసే చూపు మారింది. అది ఎవరికోసమో ఎదురుచూస్తున్న మనిషిని చూసే చూపు. ఆయన పక్కన ఎప్పుడూ ఖాళీయే ఉండేది, ఇప్పుడూ ఖాళీయే. కాకపోతే ఇప్పుడా ఖాళీకి ఒక సొంతదారు ఉన్నాడు. దిగేటప్పుడు నన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన గుండె నా మీద గబగబా కొట్టుకుంటోంది, దొంగతనం చేసినవాడిలా.

హాకీ మైదానానికి ఆయన వెళ్లడం కూడా అలాంటి సంగతే. ఒక ఆదివారం గదిలో ఉండలేక బస్సెక్కి, ఎక్కడ దిగాలో తోచక, జనం దిగినచోట దిగాడు. లోపల ఏదో లీగ్ మ్యాచ్. సిమెంటు మెట్ల గ్యాలరీ. ఆయన ఒక మెట్టు మీద కూర్చుని, పక్కన నన్ను పరిచాడు. ఆట ఆయనకు అర్థం కాలేదు. బంతి ఎటు పోతోందో కూడా కనబడలేదు. కానీ పై మెట్టు మీంచి మాటలు వినబడ్డాయి.

అక్కడ ముగ్గురు కూర్చునేవారు. సైమన్ సార్ రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. ఖలీల్ భాయ్‌ది రెజిమెంటల్ బజార్‌లో కళ్లజోళ్ల దుకాణం. నర్సింగ్‌రావు బోయిన్‌పల్లిలో పాలబూత్ నడిపేవాడు. హాకీ అంటే ముగ్గురికీ ప్రాణం. ఎండకూ వానకూ మానరు. కానీ వచ్చాక హాకీ తప్ప ఊరంతా మాట్లాడతారు.

"మా గల్లీల నీళ్లు తెల్లారకముందే ఇడుస్తున్రు నర్సింగ్. మనుషులు పండుకుంటరా, బిందెలు పట్టుకుంటరా?"

"పెన్షన్ తీస్కునేటోనికి నిద్రెందుకు సైమన్ సార్? డ్యూటీ ఉందా, గీటీ ఉందా?"

"అరే, ఆయనకు నిద్రల గూడ రైలు పోతనే ఉంటది. పచ్చజెండా ఊపుతడు," అనేవాడు ఖలీల్ భాయ్.

మైదానంలో ఒక్కసారి కేకలు లేచేవి.

"ఎవడు కొట్టిండు?"

"మనోడే."

"చూసినవా?"

"అవతలోడు తల పట్టుకున్నడు గదా భాయ్. ఇంకేం చూడాలె?"

మళ్లీ ఫ్లైఓవర్ పని ఎప్పుడవుతుంది, ఇరానీ హోటల్లో సమోసా ఎందుకు చిన్నదైపోయింది, కంటోన్మెంటులో కుక్కలెందుకంత బలిసి ఉన్నాయి. అయితే ఒక్క సమయంలో మాత్రం ముగ్గురూ ఒకేసారి నోరు మూసేవారు. పెనాల్టీ కార్నర్ అప్పుడు. గోలుకెదురుగా ఆటగాళ్లు వంగి నిలబడగానే మాట ఎక్కడున్నదక్కడే తెగిపోయేది. వాళ్లే కాదు, గ్యాలరీ అంతా అంతే. కొట్టడం అయిపోయాక ఆ మాట తెగినచోటి నుంచే మళ్లీ మొదలయ్యేది.

వైకుంఠరావు వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాడు. ఆ పై ఆదివారం కూడా. ఆ ముగ్గురి కింది మెట్టు మీదే కూర్చునేవాడు. పక్కన నన్ను పరిచేవాడు. ఎవరైనా ఆగి చూస్తే "వస్తున్నాడండీ" అనేవాడు.

కొన్నాళ్లకు ఒక అలవాటు మొదలైంది. పై నుంచి ఏదైనా ప్రశ్న వినబడగానే ఆయన నన్ను తీసి, మూతి తుడుచుకుంటున్నట్టు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. పెట్టుకుని గొంతు తగ్గించి జవాబు చెప్పేవాడు. "మా చిలకలగూడలో రోజు విడిచి రోజు సాయంత్రం వస్తాయండి. మా ఇంటి ఓనరు మోటరు పెట్టి మొత్తం లాగేస్తాడు." సమోసా గురించి చెప్పేవాడు. కుక్కల గురించి చెప్పేవాడు. వాళ్లు హాస్యమాడితే నాలోకే నవ్వేవాడు. ఆ సంభాషణలో ఆయన వైపు సగాన్ని విన్నది నేనొక్కదాన్నే. ఆ జవాబులు తడిగా, వెచ్చగా నా నూలులోకి ఇంకేవి. సోమవారం సబ్బు పెట్టి ఉతికేవాడు.

ఆయనకు కావలసింది చాలా చిన్నది. ఆ ముగ్గురిలో ఒకరు ఒక్కసారి కిందికి వంగి "మీ దగ్గరెట్లుంది సార్?" అని అడగాలి. అంతే. దానికోసం ఆయన వారమంతా మాటలు సిద్ధం చేసుకునేవాడు. గదిలో అద్దం ముందు ఒక్కోసారి పైకే అనుకునేవాడు.

వాళ్లు అడగలేదు. ఎందుకో నాకు తెలుసు. ఒకసారి నర్సింగ్‌రావు రాలేదు. పై మెట్టు మీద చోటు మిగిలింది. వైకుంఠరావు వేరుశనగలు కొనుక్కోవడానికి లేచి వెళ్లాడు.

"పాపం, ఆ సార్‌ను పైకి పిలుద్దామా?" అన్నాడు సైమన్ సార్.

ఖలీల్ భాయ్ కిందికి చూశాడు. నన్ను చూశాడు. "వద్దులే సార్. ఆయనకు దోస్తు ఉన్నడు. దస్తీ ఏసి పెట్టిండు చూడు. మనం పిలుస్తే ఆ వచ్చేటోడు ఏమనుకుంటడు?"

ఆ మాట వైకుంఠరావుకు చేరవేసే నోరు నాకు లేదు. ఆయన పొట్లంతో తిరిగొచ్చి, నా అంచు సవరించి, నా పక్కనే కూర్చున్నాడు. నన్ను ఆయన గోడలా కట్టుకున్నాడు. అది లోపలివైపు నుంచి మాత్రం తలుపులా కనబడేది ఆయనకు.

మూడో సీజను లీగ్ ఫైనల్ రోజు గ్యాలరీ నిండిపోయింది. మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక ముసలాయన కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నా ముందు ఆగాడు.

"ఎవరన్న ఉన్నరా బిడ్డా?"

"ఉన్నారండీ. వస్తున్నాడు," అన్నాడు వైకుంఠరావు. ఆ మాట ఇప్పుడు ఆలోచన లేకుండానే వచ్చేస్తుంది.

ముసలాయన ఇనుప కమ్మీ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. వైకుంఠరావు అటు చూడకుండా మైదానం వైపు చూశాడు. నన్ను తీయాలని ఆయన చెయ్యి ఒకసారి వచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది.

పైన సైమన్ సార్ ఇంటి అద్దెల గురించి ఎత్తుకున్నాడు. "గదికింత అడుగుతున్రు భాయ్, గాలి ఆడని గదికి! బ్రహ్మచారులకైతే ఇయ్యనే ఇయ్యమంటున్రు."

ఇది వైకుంఠరావు సొంత విషయం. దీనికి ఆయన దగ్గర ఏళ్ల తరబడి జవాబుంది. ఆగలేకపోయాడు. నన్ను తీసి నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాడు. ఆ వేగంలో గొంతు పెరిగింది, ఈల వినలేదు. ఆటగాళ్లు గోలు ముందు వంగి నిలబడటం చూడలేదు. ఆట చూసేవాడైతే చూసి ఉండేవాడు. గ్యాలరీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతు ఒక్కటే మిగిలింది.

"...నన్నూ అలాగే అడిగారండి. రాత్రిళ్లు ఎవరొస్తారు నీ గదికి అని. ఎవరూ రారండి అంటే నమ్మరు. ఎవరూ రారు అని రాసిమ్మంటారా అన్నాను..."

అప్పుడు ఆయనకు తన గొంతు వినబడింది. కర్ర బంతిని కొట్టిన చప్పుడు, కేకలు, ఈల. గోలయిందో కాలేదో నేను చూడలేదు. పై మెట్టు మీద ముగ్గురు కూడా చూడలేదనుకుంటాను.

"ఎవరితోని మాట్లాడ్తున్నరు సార్?" అన్నాడు సైమన్ సార్.

వైకుంఠరావు నన్ను పిడికిట్లో నలిపాడు. చెయ్యంతా చెమట. అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది, ఫోనులో మాట్లాడుతున్నానని. కమ్మీ పట్టుకున్న ముసలాయన మోకాలు వణకడం ఆయనకు కనబడింది.

"మీతోనేనండీ," అన్నాడు.

"మాతోనా?"

"మీకు జవాబు చెబుతున్నాను. మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను." ముసలాయన వైపు తిరిగి, "కూర్చోండి బాబాయిగారూ. ఎవరూ రారు. ఎవరూ లేరు," అన్నాడు.

ముసలాయన కూర్చుని కాలు చాపుకున్నాడు. పైనున్న ముగ్గురూ వైకుంఠరావు వంకే చూశారు. జాలి మొదలయ్యే చోటు అది. అది మొదలైతే వైకుంఠరావు లేచి వెళ్లిపోయి మళ్లీ రాడని నా దారప్పోగులన్నిటికీ తెలుసు.

"మరి ఏమన్నడు?" అన్నాడు నర్సింగ్‌రావు.

"ఎవరండీ?"

"మీ ఇంటి ఓనరు. రాసిస్త అన్నరు గదా. ఏమన్నడంట?"

వైకుంఠరావు తలెత్తాడు. "రాసివ్వమన్నాడండి."

ఖలీల్ భాయ్ పగలబడి నవ్వాడు. "అరే, జరుగు నర్సింగ్, జరుగు. సార్‌ను పైకి రానీ. మెడ తిప్పి మాట్లాడ్తే ఏమినబడ్తది?"

"ఇగో, పెనాల్టీ కార్నర్ అప్పుడు మాత్రం మాట్లాడొద్దు సార్. అదొక్కటే రూలు," అన్నాడు సైమన్ సార్.

ఆయన లేచాడు. పిడికిలి తెరుచుకుంది. నేను మెట్టు మీద పడ్డాను.

మిగతా మ్యాచంతా పైనుంచి ఆయన గొంతు వింటూనే ఉన్నాను. అలవాటు లేని గొంతు, అవసరానికి మించి గట్టిగా. మాటలన్నీ నాకు తెలిసినవే. చిలకలగూడ నీళ్లు, మోటరు, కుక్కలు. నాలోకి చెప్పినప్పుడు అవి మెత్తగా ఉండేవి. బయట కాస్త తడబడుతున్నాయి. అయినా నిలబడుతున్నాయి.

ఆట అయ్యాక ఆయన దిగి వచ్చాడు. మరిచిపోయాడనుకోవడం నాకు తేలిక. కానీ ఆయన ఆగాడు, నన్ను చూశాడు, వంకరపోయిన నా మూలను కూడా చూశాడు. వంగబోయి, ఖలీల్ భాయ్ పిలిస్తే అటు వెళ్లిపోయాడు.

మెట్లు ఊడ్చే పోచమ్మ నన్ను ఏరి, దులిపి, నడుం దగ్గర దోపుకుంది. ఇప్పుడు ఆదివారాలు అక్కడి నుంచే గ్యాలరీ చూస్తాను. పై మెట్టు మీద నలుగురు. వైకుంఠరావు ఆలస్యమైతే ఆయన చోట నర్సింగ్‌రావు తువ్వాలు పడి ఉంటుంది. ఆయన వస్తాడు. తువ్వాలు తీసేస్తారు.

పోచమ్మ మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. సాయంత్రం స్టేషను దగ్గర ఉప్పల్ బస్సు రాగానే నన్ను కిటికీలోంచి లోపలికి విసురుతుంది. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఎక్కుతుంది. వచ్చి కూర్చుంటుంది. నేను పట్టిన చోటుకు నిజంగా ఒకరు రావడం నాకు కొత్త. మొదటి రోజు ఆ బరువు కింద చాలాసేపు కదలకుండా ఉన్నాను.

నిన్న ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్లు గ్యాసు బండ ఆలస్యం గురించి మాట్లాడుకుంటున్నారు. "మీకెన్ని దినాలకిస్తున్రు?" అంది ఒకామె రెండో ఆమెతో.

పోచమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. తన కిందనుంచి నన్ను లాగి, మూతి తుడుచుకుంటున్నట్టు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ వెచ్చదనం తెలుసు. పెదవులు కదిలాయి.